నాన్న లేత్‌తోనే సాగాలా, అప్పు చేసి సీఎన్‌సీ కొనాలా?

ఈసారి ఉత్తరం రాసిన పాఠకురాలికి 31 ఏళ్లు. మెకానికల్ డిప్లొమా చదివారు. తండ్రి 40 ఏళ్లుగా నడుపుతున్న చిన్న వర్క్‌షాపులో లెక్కలు, కొనుగోళ్లు ఆమే చూసుకుంటున్నారు. రెండు పాత లేత్‌లు (ఉక్కు ముక్కను తిప్పుతూ కోసే మిషన్లు), ఒక డ్రిల్లింగ్ మిషన్, ఒక మిల్లింగ్ మిషన్, ఇవే ఆస్తి. ఒక లేత్‌పై తండ్రి, రెండోదానిపై అన్నయ్య పనిచేస్తారు. ఎక్కువగా వచ్చేవి రిపేరు పనులు. ఏడాదిగా ఒక కంపెనీ నెలకు కొన్ని వందల ఫ్లాంజ్ బుష్‌లు (ఒక కొసన వెడల్పు అంచు ఉన్న గొట్టం లాంటి ఉక్కు భాగాలు) చేయించుకుంటోంది. ఇప్పుడు నెలకు 500 చొప్పున ఏడాదికి 6,000 తీసుకుంటామని, అయితే రేటు 15 శాతం తగ్గించాలని అడిగింది.

అన్నయ్య అప్పు తెచ్చి సీఎన్‌సీ లేత్, అంటే కంప్యూటర్ ప్రోగ్రాముతో నడిచే లేత్ కొందామంటున్నారు. "ఈ చేతులుండగా మనకి అప్పెందుకు? మన లేత్‌కి ఖర్చేముంది, ఎప్పుడో కట్టేశాం" అన్నది తండ్రి మాట. రాత్రి భోజనాల దగ్గర రోజూ ఇదే గొడవ. చివరికి ఇద్దరూ "లెక్కలు చూసేది నువ్వే కదా, నువ్వే చెప్పు" అని ఆమె మీదకే నెట్టారు. "ఏది చెప్పినా ఒకరిని ఓడించినట్టే అవుతుంది. నిద్ర పట్టడం లేదు. అసలు ఈ ఆర్డర్‌లో మాకేమైనా మిగులుతోందా అన్నది కూడా నాకు ఖచ్చితంగా తెలియదు" అని రాశారు. ఉత్తరంతో పాటు బుష్ డ్రాయింగ్, నిమిషాల లెక్క, ఖర్చుల పట్టిక పంపారు.

అమ్మా, మీ టెన్షన్ నాకు అర్థమైంది. ఒక మాట ముందే చెప్పాలి. మీ ముందు పెట్టిన ప్రశ్నే తప్పు. నాన్నా, అన్నయ్యా అన్న తగువులో తీర్పు చెప్పమని మిమ్మల్ని కూర్చోబెట్టారు. ఆ కుర్చీలోంచి లేవండి. ఏ మిషన్ కొనాలి అన్నది చివర్లో రావాల్సిన ప్రశ్న. అంతకంటే ముందు ఈ ఒక్క బుష్ ఎలా తయారవుతోంది, దాని మీద ఎక్కడెక్కడ ఎంత పోతోంది అన్నది తేలాలి. అది తేలితే సగం గొడవ దానంతటదే చల్లారుతుంది, ఎందుకంటే మీ ఇంట్లో ఇద్దరి మాటల్లోనూ కొంత నిజం ఉంది.

మీరు పంపిన డ్రాయింగ్ నుంచే మొదలుపెడదాం. ఫ్లాంజ్, అంటే ఆ వెడల్పు అంచు, 80 మిల్లీమీటర్ల వ్యాసం, 10 మందం. హబ్, అంటే మిగతా సన్నని భాగం, 40 వ్యాసం, 40 పొడవు. మధ్యలో 25 మిల్లీమీటర్ల రంధ్రం. మీరు 80కి కాస్త పైన వ్యాసం ఉన్న ఉక్కు రాడ్‌ని 50కి కాస్త ఎక్కువ పొడవుకు కోసి చక్‌లో (ముక్కను బిగించి తిప్పే పట్టులో) పెడుతున్నారు. ఆ ముక్క బరువు దాదాపు 2 కిలోలు. పూర్తయిన బుష్ బరువు 600 గ్రాములు. అంటే డబ్బు పెట్టి కొన్న ఉక్కులో 70 శాతం చిప్స్‌గా, అంటే కోత పొట్టుగా, ట్రేలోకి పోతోంది. చిప్స్ అమ్మితే వచ్చేది రాడ్ ధరలో చిన్న భాగమే. ఆ 70 శాతాన్ని కోయడానికి టూలు, కరెంటు, నాన్నగారి శ్రమ మళ్లీ అదనం. ఉక్కును కొనడానికి ఒకసారి, తీసేయడానికి ఇంకోసారి ఖర్చు పెడుతున్నారన్నమాట. సీఎన్‌సీ కొన్నా ఇదే రాడ్‌ని చక్‌లో పెడితే ఈ నష్టం తగ్గదు, కాకపోతే త్వరగా జరుగుతుంది.

ఇప్పుడు ఖర్చు. మీ పట్టికలో డబ్బు అంకెల బదులు, మీ లేత్ ఒక నిమిషం నడిస్తే అయ్యే మొత్తం ఖర్చును 1 అనుకుందాం. అందులో మనిషి కూలి, కరెంటు, షెడ్డు, మరమ్మతులు, రేపు ఈ లేత్ పూర్తిగా అరిగిపోతే ఇంకొకటి కొనడానికి పక్కన పెట్టాల్సిన మొత్తం, అన్నీ ఉండాలి. మీ పట్టికలో రెండు అంశాలు లేవు. నాన్నగారి కూలి ఒకటి, లేత్ అరుగుదల రెండోది. అప్పు తీరిపోయినంత మాత్రాన లేత్‌కి ఖర్చు లేనట్టు కాదు. దాని గైడ్‌వేలు (టూల్ జరిగే పట్టాలు) రోజూ అరుగుతూనే ఉన్నాయి. నాన్నగారు జీతం తీసుకోకపోతే ఆయన శ్రమ ఉచితమూ కాదు. ఆయన ఒక నెల మంచాన పడితే, ఆ లేత్ దగ్గర నిలబడే మనిషికి మీరు ఎంత ఇస్తారో అదే ఆయన కూలి. ఇన్నాళ్లూ మీకు ఈ ఆర్డర్‌లో మిగులుతున్నట్టు కనిపించిందంటే అందులో పెద్ద భాగం నాన్నగారు తీసుకోని జీతమే. ఈ మాట ఆయనకు మీరే స్వయంగా చెప్పండి. 40 ఏళ్ల పనికి విలువ కట్టి చూపించడం ఆయనకు గౌరవమే అవుతుంది.

ఆ రెండూ కలిపి వేస్తే మీ బుష్ లెక్క ఇలా వచ్చింది. ముక్కకు మీరు గడియారం పెట్టి రాసుకున్న సమయం 26 నిమిషాలు, అంటే ఖర్చు 26. మెటీరియల్ 27. ఇప్పుడు వాళ్లిచ్చే రేటు ఇదే కొలతలో 60. మెటీరియల్ పోగా 33 వస్తుంది, అందులో 26 పని ఖర్చు, 7 మిగులు. రేటు 15 శాతం తగ్గితే 9 పోతుంది. మెటీరియల్ పోగా వచ్చేది 24, ఖర్చు 26. ఏమీ మార్చకుండా ఈ ఆర్డర్ ఒప్పుకుంటే ముక్కకు 2 చొప్పున చేతి నుంచి పెట్టుకోవాలి. పైగా 6,000 ముక్కలకు 26 నిమిషాల చొప్పున 2,600 గంటలు. ఏడాదికి 300 రోజులు, రోజుకు ఎనిమిది గంటల షిఫ్టు ఒకటి, అందులో నిజంగా పని జరిగే సమయం నాలుగింట మూడు వంతులు అనుకుంటే ఒక లేత్ ఇచ్చేది 1,800 గంటలు. అంటే ఈ ఒక్క ఆర్డరే మీ లేత్‌లలో దాదాపు ఒకటిన్నరను మింగేస్తుంది. రిపేరు పనుల వాళ్లు మీ గుమ్మం ముందు నిలబడి వెనక్కి వెళ్లిపోతారు. "ఇలాగే సాగిద్దాం" అన్న నాన్నగారి దారి ఈ రేటుకి నడవదు. ఇది అన్నయ్య వైపు నిజం.

ఇప్పుడు అన్నయ్య దారి చూద్దాం. మీరు తెప్పించుకున్న కొటేషన్ ప్రకారం సీఎన్‌సీలో ముక్కకు 7 నిమిషాలు. ఏడాదికి 1,800 గంటలు నడిస్తే ఆ మిషన్ నిమిషం ఖర్చు మీ లేత్ నిమిషానికి రెండున్నర రెట్లు. అంటే ముక్కకు 17.5. ప్రోగ్రాము, టూళ్లు, జాస్ (చక్ పళ్లు) సెట్ చేయడానికి రెండు గంటలు పడితే, 120 నిమిషాలకు రెండున్నర చొప్పున 300, దాన్ని 500 ముక్కలకు పంచితే ముక్కకు 0.6. మొత్తం 18.1. చూడ్డానికి ఎంతో బాగుంది, వచ్చే 24లో దాదాపు 6 మిగులుతుంది.

కానీ 6,000 ముక్కలకు 7 నిమిషాల చొప్పున ఎన్ని గంటలు? 700. మిగతా 1,100 గంటలు ఆ మిషన్ ఏం చేస్తుంది? మిషన్ ఆగి ఉన్నా వడ్డీ ఆగదు. ఆ రెండున్నరలో ఒకటిన్నర అప్పు, వడ్డీ, అరుగుదల, షెడ్డు లాంటి కదలని ఖర్చులే. వాటిని 1,800 గంటల మీద కాక 700 గంటల మీదే వేస్తే నిమిషానికి ఒకటిన్నర కాస్తా 3.86 అవుతుంది. మొత్తం నిమిషం ఖర్చు 4.86, ముక్కకు 34. అంటే ఈ ఒక్క ఆర్డర్‌నే నమ్ముకుని కొంటే, కొత్త సీఎన్‌సీలో చేసిన బుష్ మీ పాత లేత్‌లో చేసినదానికంటే ఖరీదవుతుంది! సీఎన్‌సీ ఖర్చు మీ ఇప్పటి లేత్ ఖర్చుకు సమానం కావాలంటేనే అది ఏడాదికి సుమారు 1,030 గంటలు నిండాలి. రిపేరు పనులతో నింపుదామా అంటే, 20 ముక్కల పనికి ఆ రెండు గంటల సెట్టింగే ముక్కకు 15 పడుతుంది. ఒక్క ముక్క పని అయితే చెప్పక్కర్లేదు. నాన్నగారు మాటల్లో పెట్టలేకపోతున్న భయం ఇదే అయ్యుంటుంది. అది ఆయన వైపు నిజం.

ఈ రెండింటి మధ్య ఇంకొన్ని దారులున్నాయి. ఎక్కువ సేపు మాట్లాడుకోవాల్సింది వాటి గురించే.

మీ నాన్నగారు హైస్పీడ్ స్టీల్ టూల్ బిట్‌తో నిమిషానికి 30 మీటర్ల వేగంతో కోస్తున్నారని రాశారు. 80 వ్యాసానికి అది 120 ఆర్‌పీఎం, అంటే నిమిషానికి 120 తిప్పులు. తిప్పుకు టూల్ 0.25 మిల్లీమీటర్లు ముందుకు జరుగుతుంది (దీన్నే ఫీడ్ అంటారు), కట్ లోతు రెండున్నర మిల్లీమీటర్లు. 80 నుంచి 40కి దిగడానికి 8 కట్లు, మొత్తం దాదాపు 11 నిమిషాలు. కార్బైడ్ టిప్‌కి (అంతకంటే గట్టి పదార్థంతో చేసిన కోత మొనకి) మారితే ఈ ఉక్కును 150 మీటర్ల వేగంతో కూడా కోయొచ్చు. అయితే అదే కట్‌తో ఆ వేగానికి 4 కిలోవాట్లకు పైగా శక్తి కావాలి. మీ లేత్ మోటారు 3 హార్స్‌పవర్, అంటే 2.2 కిలోవాట్లు. బెల్టు జారుతుంది, లేదా మోటారు మూలుగుతుంది. అందుకని వేగం 75 మీటర్లు, కట్ 2 మిల్లీమీటర్లు పెట్టుకోండి. 300 ఆర్‌పీఎం, 10 కట్లు, 5 నిమిషాల చిల్లర. మోటారు తన బలమంతా పెడుతుంది కానీ లాగుతుంది. స్పిండిల్ బేరింగుల్లో లూజు ఉంటే మాత్రం ముందు అది సరిచేయించాలి. కార్బైడ్ గట్టిదే కానీ అదురును ఓర్చుకోదు, అంచు పగిలిపోతుంది.

"ఇంకాస్త స్పీడు పెంచు" అని అన్నయ్య అనొచ్చు. టేలర్ అనే ఇంజనీరు ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసి 1907లో అచ్చు వేయించిన టూల్ ఆయుష్షు సూత్రం నేటికీ ఇక్కడ పనికొస్తుంది. కార్బైడ్‌కి వేగం 20 శాతం పెంచితే టూల్ ఆయుష్షు సగం కన్నా తక్కువకు పడిపోతుంది. కోత సమయంలో ఆదా అయ్యేది ఆరో వంతు, టూల్ మార్చే పని మాత్రం దాదాపు రెట్టింపు. అలాగని మరీ నెమ్మదిగా నడిపితే టూల్ చాలాకాలం వస్తుంది, మనిషి నిమిషాలు వృథా అవుతాయి. ఈ రెండింటికీ మధ్య ఖర్చు అతి తక్కువగా ఉండే వేగం ఒకటి ఉంటుంది. మీకది దొరకాలంటే ఒక టిప్ అంచుతో ఎన్ని బుష్‌లు వచ్చాయో, మార్చడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో ఒక వారం రాసిపెట్టుకుంటే చాలు.

కోత కంటే పెద్ద దొంగ ఇంకొకటి ఉంది. మీ ఉత్తరంలో ఒకచోట, ఏదో మామూలు విషయంలా రాసేసిన వాక్యం నన్ను ఆపేసింది. ఫ్లాంజ్ బయటి వ్యాసం తీసేటప్పుడు నాన్నగారు ప్రతి ముక్కకూ మూడు నాలుగుసార్లు చక్ ఆపి, చిప్స్ దులిపి, గుడ్డతో తుడిచి, మైక్రోమీటర్ పెట్టి చూసి, మళ్లీ ఒక సన్నని కట్ వేస్తారని. ఎందుకంటే డ్రాయింగ్‌లో 80 మీద ప్లస్ ఆర్ మైనస్ 0.02 అని ఉంది, ఆ కొలత అంతకు మించి తేడా రాకూడదు (ఇలా ఒప్పుకునే తేడానే టాలరెన్స్ అంటారు). ఆ ఫ్లాంజ్ అంచు దేనిలోనైనా కూర్చుంటుందా? అసెంబ్లీ ఫొటో చూస్తే అది గాల్లోనే ఉంది, ఏ భాగాన్నీ తాకడం లేదు. మామూలు పనులకు వాడే అంతర్జాతీయ ప్రమాణంలో మీడియం తరగతి ప్రకారం ఆ సైజుకి ప్లస్ ఆర్ మైనస్ 0.3 చాలు. అది ఇప్పుడున్నదానికి 15 రెట్ల వెసులుబాటు. అంత వెసులుబాటు ఉంటే రాడ్ పైచర్మాన్ని పలచగా ఒక్క కట్‌తో తీసి, వెర్నియర్‌తో పదింటికి ఒకటి చూసుకుంటే సరిపోతుంది. చాలా డ్రాయింగుల్లో ఇలాంటి అంకెలు పాత డ్రాయింగ్ నుంచి దిగిపోయినవే, ఎవరూ అడగరు కాబట్టి అలాగే ఉండిపోతాయి. మీరు అడగండి. అయితే వాళ్ల ఇంజనీరు రాతపూర్వకంగా మార్చేదాకా మీ అంతట మీరు వదులు చేయకండి. వెనక్కి వచ్చిన ఒక్క లాట్ ఏడాది మిగులును తినేస్తుంది.

అన్ని వైపులా ఆర్ఏ 1.6 నునుపు (ఆర్ఏ అంటే ఉపరితలం గరుకును మైక్రాన్లలో చెప్పే కొలత) అడగడం కూడా అలాంటిదే. ఫీడ్ సగానికి తగ్గిస్తే ఉపరితలం మీద గీతల లోతు నాలుగో వంతుకు వస్తుంది, కోత సమయం మాత్రం రెట్టింపవుతుంది. రంధ్రానికీ, ఆనుకునే ముఖానికీ అది అవసరం. మిగతా చోట్ల అవసరమా అని అడగండి.

25 రంధ్రం విషయంలో వాళ్లు వదులు ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. దానికి డ్రాయింగ్‌లో ఉన్న హెచ్7 అంటే 25.000 నుంచి 25.021 లోపల. నాన్నగారు దాన్ని బోరింగ్ టూల్‌తో చేత్తో తెస్తున్నారు, అది గొప్ప నైపుణ్యం. కానీ 6,000 సార్లు చేయాల్సినప్పుడు, డ్రిల్ వేసి, పలచగా ఒక బోరింగ్ కట్‌తో రంధ్రాన్ని నిటారుగా తెచ్చుకుని, చివర రీమర్ (రంధ్రాన్ని సరైన సైజుకి తెచ్చే టూల్) దించండి. రీమర్ సైజు ఇస్తుంది, వంకరను సరిచేయదు. అందుకే ఆ బోరింగ్ కట్ మానకూడదు. హబ్ బయటి వ్యాసం కూడా అదే పట్టులో పూర్తి చేస్తే రెండింటి కేంద్రం ఒకటే ఉంటుంది. చూసుకోవడానికి గో, నో-గో ప్లగ్ గేజ్ ఒకటి కొనండి. ఒక కొస దూరాలి, రెండో కొస దూరకూడదు. రెండు సెకన్ల పని.

ఇవన్నీ కలిస్తే 26 నిమిషాలు 18కి దిగుతాయని నా అంచనా. టిప్‌ల అదనపు ఖర్చు 1 వేసుకుంటే ముక్కకు 19, వచ్చే 24లో 5 మిగులు. అంతకన్నా ముఖ్యం, 6,000 ముక్కలకు 1,800 గంటలు చాలు. సరిగ్గా ఒక లేత్. రెండోది రిపేరు పనులకు ఖాళీగా ఉంటుంది. ఇంకో సంగతి గమనించండి. మీ పాత లేత్‌ని ఇలా మెరుగుపరిచాక సీఎన్‌సీ దాన్ని అందుకోవాలంటే 1,030 గంటలు సరిపోవు, సుమారు 1,650 గంటలు నిండాలి. అందుకే కొనే ఆలోచనకి ముందే ఈ పని చేసేయాలి. ఇందులో లోటు కూడా చెప్పాలి. ఒక మనిషి ఏడాదంతా ఒకే బుష్ చేస్తూ నిలబడాలి. అన్నయ్యకి అది విసుగు, నాన్నగారికి ఆ వయసులో నడుము నొప్పి. ఒక కుర్రవాణ్ణి పెట్టుకోవాల్సి రావచ్చు. అప్పుడు నేర్పే బాధ్యత నాన్నగారిది, నేర్చుకునే రోజుల్లో పాడయ్యే ముక్కల ఖర్చు మీది.

రెండో దారి, రాడ్‌నే మార్చడం. ఫోర్జింగ్ షాపులో ఫ్లాంజ్, హబ్ ఆకారం వచ్చేలా డైలో (అచ్చులో) కొట్టించి తెచ్చుకుంటే, అన్ని వైపులా 2 మిల్లీమీటర్లు కోతకు వదిలినా ముక్క బరువు సుమారు 1.1 కిలోలు ఉంటుంది. కిలో ధర రాడ్ కంటే ఎక్కువే. అయినా 10 కట్లు వేయాల్సిన చోట రెండు చాలు. కిలో ధర ఒకటిన్నర రెట్లు అనుకుని, చిప్స్ అమ్మకంలో తగ్గేదాన్ని కూడా తీసేస్తే ముక్కకు సుమారు 6 ఆదా అవుతుంది. కానీ డై ఖరీదు ముందే కట్టాలి. అది మన కొలతలోనే 15,000 అయితే 6తో భాగించండి, 2,500 ముక్కలు. ఐదు నెలల ఆర్డర్ గడిచాకే లాభం మొదలు. నాలుగో నెలలో కంపెనీ డిజైన్ మారిస్తే ఆ డై తూకానికి అమ్ముకోవడమే. కాబట్టి డై ఖర్చు వాళ్లు పెట్టుకుంటారా, లేక కనీసం 2,500 ముక్కలకు రాసిస్తారా అని అడగండి. పోత పోయించడం మాత్రం ఇక్కడ వద్దు. డ్రాయింగ్‌లో ఉన్నది రాడ్ ఉక్కు, పోత ముక్కలో లోపల గాలి బుడగలుంటే రంధ్రం తీసేదాకా బయటపడవు.

మూడో దారి అన్నయ్య కోసం. ఒక నెల 500 ముక్కల్లో సగం, సీఎన్‌సీ ఉన్న వేరే షాపులో జాబ్ వర్క్‌కి, అంటే కూలికి చేయించుకునేలా, ఇవ్వండి, అన్నయ్య దగ్గరుండి చేయించేలా. కొటేషన్‌లో రాసిన 7 నిమిషాలు నిజమా, ముక్క పెట్టి తీసే సమయం అందులో ఉందా, ఎన్ని టిప్‌లు పోయాయి, ప్రోగ్రాము ఎవరు రాశారు అన్నవి కళ్లారా తెలుస్తాయి. జాబ్ వర్క్ రేటులో వాళ్ల లాభం కూడా ఉంటుంది కాబట్టి ఆ నెల మీకు మిగిలేది తక్కువే. ఆ తేడాను అన్నయ్య చదువు ఖర్చు అనుకోండి. ఈలోగా ఆయన ఇంకో 900, 1,000 గంటల పని ఇచ్చే కస్టమర్లను తెస్తే అప్పు లెక్క మారిపోతుంది. అప్పుడు నాన్నగారికి కూడా కాదనడానికి కారణం ఉండదు. అలాంటి పని దొరకకపోతే, ఒకే కస్టమర్ మీద ఆధారపడి కొన్న మిషన్ విషయంలో రేపు రేటు ఎంత తగ్గించమన్నా మీరు తలూపాల్సిందే.

నాలుగోది, కాదనడం. టాలరెన్స్ మార్చం, డై ఖర్చు పెట్టం, రాసివ్వం, 15 శాతం మాత్రం తగ్గించాలి అంటే, 18 నిమిషాలకు దిగడం ఎంత కష్టమో ఆలోచించుకోండి. 0.02 అలాగే ఉంటే 21, 22 నిమిషాల దగ్గరే ఆగిపోవచ్చు, మిగిలేది 1 లేదా 2. దానికోసం రిపేరు పనులు వదులుకోవాలా? నేనైతే 15కి బదులు 5 శాతం ఇస్తామని చెప్పి, నెలకు 250 మాత్రమే ఒప్పుకునేవాణ్ణి. వాళ్లు వెళ్లిపోయే అవకాశం ఉంది. మీ ఇంటి ఖర్చులో ఈ ఆర్డర్ వాటా ఎంతో నాకంటే మీకే తెలుసు, ఆ రిస్కు తీసుకోగలరో లేదో మీరే చూసుకోవాలి.

ఇంట్లో మాట ఎలా కదపాలి? రాత్రి భోజనాల దగ్గర వద్దు. ఒక ఉదయం షాపులోనే, లేత్ పక్కన, నాన్నగారిని అడిగి స్టాప్‌వాచ్ పెట్టి పది బుష్‌లు చేయించండి. కోత ఎంత, కొలత ఎంత, ముక్క బిగించడం ఎంత, విడివిడిగా అన్నయ్య చేత రాయించండి. నాన్నగారిని పరీక్షిస్తున్నట్టు ఉండకూడదు, అందుకే డ్రాయింగ్‌లో ఏ కొలత తనని ఎక్కువ ఇబ్బంది పెడుతోందో ఆయన్నే చెప్పమనండి. 40 ఏళ్లు లేత్ దగ్గర నిలబడ్డ మనిషికి అది మనందరికంటే ముందు తెలుస్తుంది. ఆ కాగితంతో ముగ్గురూ కలిసి కంపెనీ ఇంజనీరు దగ్గరికి వెళ్లండి. రేటు మాట ఎత్తేముందు ఫ్లాంజ్ టాలరెన్స్, నునుపు ఏ ముఖాలకు కావాలి, డై ఖర్చు, నెలనెలా ఎన్ని ముక్కలు అన్నది రాసివ్వడం, ఈ నాలుగూ అడగండి. వాళ్లు చెప్పిన జవాబులతో మళ్లీ రాయండి, 24లో ఎంత మిగులుతుందో కలిసి వేద్దాం.